పాడైన జునో-60 లోంచి కోరస్ బోర్డు తీసి విడిగా వాడుకోవడం

రోలాండ్ జునో-60 లాంటి చచ్చిన అనలాగ్ సింథ్ (ఎలక్ట్రానిక్ సర్క్యూట్లతో సౌండు పుట్టించే కీబోర్డు) చేతికొస్తే చాలామంది ఫస్ట్ చేసే పని సోల్డరింగ్ ఐరన్ వేడి పెట్టి ఐసీలు పీకేయడం. ఆగండి బాబూ. ఐసీ ఒక్కటే పీకితే దాని చుట్టూ ఉన్న క్లాకు (దాన్ని నడిపే పల్సుల సర్క్యూట్), ఫిల్టర్లు, బయాస్ (దానికి కావాల్సిన స్థిర వోల్టేజీ) అన్నీ మళ్లీ మీరే కట్టుకోవాలి, కోరస్ బోర్డుని (సౌండుని కొంచెం ఊపుతూ వెడల్పు చేసే సర్క్యూట్) బోర్డుగానే వాడుకుంటే 1982లోనే రోలాండ్ వాళ్లు ఆ పనంతా చేసి పెట్టేశారు.

రిపేరయ్యే పీస్‌ని మాత్రం కొయ్యొద్దు, ప్లీజ్. ముఖ్యంగా దీని తర్వాతి మోడల్ జునో-106లో వాయిస్ చిప్పులు (80017ఏ) పోవడం మామూలే, వాటి పైనున్న కోటింగ్ అసిటోన్‌లో నానబెట్టి తీసేస్తే చాలాసార్లు మళ్లీ లేస్తాయి. కీబోర్డు, సీపీయూ అన్నీ పోయి కోరస్ సెక్షన్ మాత్రం మిగిలిన జునో-60 దొరికితేనే ఇది ట్రై చేయండి.

ఆ కోరస్ బోర్డులో ఎంఎన్3009 అనే బకెట్ బ్రిగేడ్ ఐసీలు రెండు ఉంటాయి, ఒక్కోదాంట్లో 256 స్టేజీలు. సిగ్నల్ ఒక్కో స్టేజీ దాటుకుంటూ లేటుగా బయటికొస్తుంది, క్లాకు 40 కిలోహెర్ట్జ్ అయితే సుమారు 3.2 మిల్లీసెకన్లు. ఎల్ఎఫ్‌ఓ (నెమ్మదిగా ఊగే ఆసిలేటర్) ఆ క్లాకు వేగాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఊపుతుంది, ఒకదాంట్లో డిలే పెరుగుతుంటే రెండోదాంట్లో తగ్గుతుంది, ఆ స్టీరియో వెడల్పు అక్కడినుంచే వస్తుంది.

విప్పేముందు ఫోటోలు తీసుకోండి, ప్రతి వైరుకీ మాస్కింగ్ టేప్ కట్టి పేరు రాయండి. నేను "గుర్తుంటుందిలే" అనుకుని రెండు ఆదివారాలు పోగొట్టుకున్నా. సర్వీస్ మాన్యువల్ స్కీమాటిక్ పక్కనే పెట్టుకోండి, అది లేకుండా మొదలెట్టొద్దు.

పవర్ దగ్గరే అసలు గొడవ. బోర్డుకి ప్లస్ 15, మైనస్ 15 వోల్టులు రెండూ కావాలి, ఎంఎన్3009 నడిచేది నెగటివ్ సప్లై మీద కాబట్టి సింగిల్ అడాప్టర్‌తో పని జరగదు. ఒరిజినల్ సప్లై బాగుంటే అదే వాడేయండి, కానీ జపాన్ మార్కెట్ పీస్ 100 వోల్టులది, దాన్ని మన 230కి డైరెక్టుగా పెడితే అంతే సంగతులు. కొత్తగా కడితే 15-0-15 ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జి, కెపాసిటర్లు, 7815, 7915 (ప్లస్, మైనస్ 15 వోల్టుల రెగ్యులేటర్లు) చాలు, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఇవన్నీ దొరుకుతాయి. 7915 కాళ్లు 7815లా ఉండవు సుమా, 7815లో ఇన్, గ్రౌండ్, అవుట్ అయితే 7915లో గ్రౌండ్, ఇన్, అవుట్. నేను ఒకేలా ఉంటాయనుకుని పెట్టి పొగ చూశా.

ఆ ప్లస్, మైనస్ సప్లై పట్టాలు (రైల్స్) ఎక్కడున్నాయో తెలీకపోతే బోర్డు మీద 8 కాళ్ల డ్యూయల్ ఆప్‌యాంప్ (4558 లాంటి యాంప్లిఫైయర్ ఐసీ) వెతకండి, 8వ కాలు ప్లస్, 4వ కాలు మైనస్, అక్కడినుంచి వెనక్కి ట్రేస్ చేసుకోవచ్చు. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు రెండు పట్టాలకీ 100 ఓమ్స్ రెసిస్టర్ సిరీస్‌లో పెట్టండి, దాని మీద 1 వోల్ట్ పడితే 10 మిల్లీయాంప్స్ లాగుతున్నట్టు. పడుతున్న వోల్టేజీ ఆగకుండా పెరుగుతుంటే, లేదా వేలు పెడితే చురుక్కుమంటే వెంటనే ఆపేయండి, పాత ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఒక కారణం కావచ్చు, వాటిని మార్చేయడమే మంచిది.

ఇక కోరస్ మోడ్ 1, 2 స్విచ్చింగ్ సిగ్నళ్లు ముందు ప్యానెల్ వైపు నుంచి వచ్చేవి, ఇప్పుడు అవి గాల్లో వేలాడతాయి కదా, స్కీమాటిక్‌లో ఎంత వోల్టేజీ కావాలో చూసి టాగుల్ స్విచ్‌తో ఇవ్వండి. ఇన్‌పుట్‌కి 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ సిరీస్‌లో పెట్టండి. కీబోర్డు లైన్ అవుట్ అయితే ఇంతే, గిటార్ అయితే ముందు టీఎల్072 ఆప్‌యాంప్‌తో ఐదారు రెట్లు పెంచాలి, లేకపోతే పాటకంటే హిస్సే (సుయ్‌మనే చప్పుడు) గట్టిగా వినిపిస్తుంది.

మెటల్ డబ్బాలో బిగించి, డబ్బాని మెయిన్స్ ఎర్త్‌కి తప్పకుండా కలపండి, ఆడియో గ్రౌండ్‌ని మాత్రం డబ్బాకి ఒకే ఒక్క చోట కలపండి, నాలుగు చోట్ల కలిపితే హమ్ (గుయ్‌మనే మోత) వస్తుంది. కొంచెం హిస్ ఎలాగూ ఉంటుంది, సింథ్‌లో ఉన్నప్పుడూ ఉండేదే.