మంత్రాల అనుమానం మీద బడిలో పాఠం ఎట్ల చెప్పాలె

నేను పరకాల దిక్కు సర్కారు బడిలో సోషల్ చెప్తా. మంత్రాల నెపంతో మనుషుల పళ్లు పీకిన, నిప్పంటించిన వార్తలు మన దిక్కు అందరం చదివినవే. అయినా పాఠాన్ని మన ఊరితో మొదలుపెట్టకండి. అనుమానించినోళ్ల పిల్లలు, అనుమానం మోసినోళ్ల పిల్లలు ఒకే బెంచీ మీద ఉంటరు. దూరపు ఊరు కావాలె. నేను అమెరికాలోని సేలం తీసుకుంటా. అక్కడ గూడ మంత్రాలు చేస్తున్నరన్న అనుమానంతో మనుషులను కోర్టుకు ఈడ్చిండ్రు.

బోర్డు మీద 1692 రాయండి. ఇద్దరు ఆడపిల్లలకు మూర్ఛలొచ్చినయి, వైద్యుడు రోగం తేల్చలేక దయ్యం పని అన్నడు. జ్వరం తగ్గకుంటే, బర్రె చస్తే, గడప ముందట నిమ్మకాయ కనబడితే ఇక్కడ ఏమంటరో అడగండి. మస్తు చేతులు లేస్తయి. ఎవ్వరి పేరూ చెప్పనియ్యొద్దు.

ఎక్కువ సేపు రెబెక్కా నర్స్ దగ్గర ఆగండి. 71 ఏళ్ల ముసలామె, భక్తురాలు. ఆమె మీద గూడ మంత్రాల నింద పడ్డది. ఆమె ఇంటోళ్లకు భూమి తగాదాలున్నయి. జ్యూరీ, అంటే కోర్టుల తీర్పు చెప్పే మామూలు జనం, మొదట నిర్దోషి అన్నది. ఆ పిల్లలు కేకలు పెట్టంగనే జడ్జి మళ్లీ ఆలోచించుమన్నడు, తీర్పు మారింది, ఉరి తీసిండ్రు. సాక్ష్యమేంది? ఆమె రూపం వచ్చి గిల్లిందట, అదీ ఆ పిల్లలకే కనబడ్డదట! ఎవరు చూసిండ్రు, ఇంకెవరికి కనబడింది, నడుమ భూమి పంచాయితీ ఉన్నదా? ఈ మూడు ప్రశ్నలు నోటుబుక్కుల రాయించండి. మూడోదాన్ని అస్సలు వదలొద్దు, పాలోళ్ల గెట్టు పంచాయితీలు చూస్తూ పెరిగిన పిల్లలకు అది తొందరగా అందుతది. అక్కడ 19 మందిని ఉరి తీసిండ్రు. చెయ్యని తప్పు ఒప్పుకొని ఆ మాట మీద నిలబడ్డోళ్లు మాత్రం ఉరి తప్పించుకున్నరు. నిజం చెప్పినోళ్లే ఎందుకు చచ్చిండ్రని పిల్లలే అడుగుతరు, అడగనియ్యండి.

సేలం ఉన్న మసాచుసెట్స్ కాలనీ కట్టినోళ్లు ఇంగ్లండుల మతం కోసం తిప్పలు పడి వచ్చినోళ్లే. వాళ్లే 1660 సంవత్సరంల, వెలేసినా తిరిగొచ్చిందని, క్వేకర్లనే వేరే క్రైస్తవ శాఖకు చెందిన మేరీ డయ్యర్‌ను బోస్టన్‌ల ఉరి తీసిండ్రు. అప్పుడడగండి: బోనాలకు చందా ఇయ్యని ఇంటి మీద, కొత్తగా చర్చికి పోయే ఇంటి మీద ఊరి చూపు ఎట్లుంటది?

ఎవరి మొక్కునూ ఎక్కిరించొద్దు. మేడారం జాతరకు నేను కూడా బెల్లం మోస్తా, ఆ సంగతి పిల్లలకు చెప్తా.

ఆఖరికి పని చెప్పండి. జ్వరమైతే ముందు సర్కారు దవాఖాన. ఇంట్ల "వాన్ని పట్టుకొస్తం" అన్న మాట వినబడితే పిల్లలు పెద్దోళ్ల నడుమకు పోవద్దు. సారుకో, ఆశా అక్కకో చెప్పాలె. రాత్రయితే ఎవ్వరికోసం ఆగకుండ 100కు ఫోన్ కొట్టాలె, ఊరి పేరు, వాడ పేరు ముందుగాల చెప్పాలె.