మీ సర్వీస్ క్లబ్బులో టైలర్ ఉన్నాడా?

"కొత్త మెంబర్లు ఎవరూ చేరట్లేదండీ, ఈ కాలం కుర్రాళ్లకి సేవ అంటే పట్టదు" అని వాపోయే రోటరీ, లయన్స్ లాంటి సర్వీస్ క్లబ్బు ప్రెసిడెంటు ఎవరు కనబడినా నేను ముందు ఒక పని చెప్తాను. కిందటి ఇన్‌స్టలేషన్‌ (కొత్త కార్యవర్గం పదవి తీసుకునే) రోజు దిగిన గ్రూప్ ఫొటో బయటికి తీయండి. అందులో ఉన్న ఒక్కొక్కరి వయసు, చేసే పని, ఉండే పేట ఒక కాగితం మీద రాయండి. ఇంటిపేర్లు కూడా రాయండి, ఎందుకో రాశాక మీకే తెలుస్తుంది.

మా బెజవాడ క్లబ్బులో ఈ లెక్క వేస్తే ముప్పై నాలుగు మందిలో డాక్టర్లు, ఆడిటర్లు, బిల్డర్లు, బట్టల వ్యాపారులు పోగా మిగిలింది ఇద్దరు. అందరూ మొగల్రాజపురం, లబ్బీపేట, పటమట లాంటి ఉన్నవాళ్ల పేటల వాళ్లే. సింగ్‌నగర్ లాంటి పనివాళ్ల పేటల నుంచి ఒక్కరూ లేరు. కార్తీక వనభోజనాలే కులాలవారీగా పెట్టుకునే ఊరు మనది, క్లబ్బు కూడా అదే దారిలో పోతే బయటివాడికి లోపలికి రావాలని ఎందుకనిపిస్తుంది?

దీని దెబ్బ మాకు 2024 సెప్టెంబరులో తగిలింది. బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట మునిగినప్పుడు పులిహోర ప్యాకెట్లు, నీళ్ల సీసాలు వేసుకుని వెళ్లాం గానీ, ఏ సందులో మంచాన పడ్డ ముసలివాళ్లు ఉన్నారో, ఏ మేడ మీద బాలింత ఉందో మాలో ఎవరికీ తెలీదు. మెయిన్ రోడ్డు మీద చేతికి అందినవాళ్లకే ఇచ్చి, ఫొటోలు దిగి వచ్చేశాం. నీళ్లు తగ్గాక జనానికి కావలసింది అన్నం కాదు, కరెంటు లైను చూసేవాడు, బురద పట్టిన బైకు ఇంజను విప్పేవాడు, మోటారు బాగుచేసేవాడు. మా దగ్గర కంటి డాక్టర్లే ముగ్గురు ఉన్నారు, ఎలక్ట్రీషియన్ ఒక్కడూ లేడు.

నిజానికి ఈ క్లబ్బులు మొదలైంది ఇలా కాదు. 1905లో షికాగోలో పాల్ హారిస్ రోటరీ మొదటి మీటింగు పెట్టినప్పుడు కూర్చున్నది నలుగురు: ఆయన లాయరు, మిగతావాళ్లలో ఒకరు బొగ్గు వ్యాపారి, ఒకరు గనుల ఇంజనీరు, ఒకరు టైలరు. వారం వారం ఒకరి ఆఫీసు తర్వాత ఇంకొకరి ఆఫీసులో తిరుగుతూ, అంటే రొటేషన్ మీద, కలిసేవారు కాబట్టే రోటరీ అని పేరు. మనం పేరు ఉంచుకుని తిరగడం మానేసి, బెంజి సర్కిల్ చుట్టుపక్కల ఏసీ హాల్లో స్థిరపడిపోయాం.

కాబట్టి మొదట మార్చాల్సింది మీటింగు చోటు. నెలకి ఒకసారైనా హాలు వదిలేయండి. మేం ఆటోనగర్‌లో ఒక లేత్ షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీలు వేసి పెడితే, ఊరికే చూద్దామని వచ్చిన మెకానిక్కుల్లో ఇద్దరు తర్వాత చేరారు. మా సీనియర్లు కొందరు "స్టాండర్డ్ పడిపోతోంది" అని గొణిగారు, అయినా సమోసాలు మాత్రం తిన్నారు.

తర్వాత టైము. రాత్రి ఎనిమిదికి మీటింగంటే షాపులో పనిచేసేవాడు రాలేడు, ఆ టైముకి బయల్దేరాలంటే ఆడవాళ్లకి ఇంట్లో పెద్ద తతంగం. ఆదివారం పొద్దున్న పెడితే చర్చికి వెళ్లేవాళ్లందరినీ మీ చేతులతో మీరే వద్దన్నట్టు, శుక్రవారం మధ్యాహ్నమైతే నమాజుకి వెళ్లేవాళ్లని. ఏ టైము పెట్టినా అందరికీ కుదరదు, అందుకే ఒకే టైముకి అతుక్కోకుండా రెండు మార్చి మార్చి పెట్టండి.

డబ్బు విషయం కాస్త జాగ్రత్తగా చూసుకోవాలి. పేదవాడని చందా మాఫీ చేయకండి, అలా చేరినవాడు మెంబరుగా కాక సాయం అందుకునేవాడిగా మిగిలిపోతాడు, మీటింగులో నోరు విప్పడు. చందా అందరికీ ఒకటే పెట్టి, నెలనెలా కట్టుకునే వీలివ్వండి. ఖర్చు విడదీసి చూస్తే మా క్లబ్బులో ఎక్కువ భాగం డిన్నర్లు, బొకేలు, శాలువాలకే పోతోందని తేలింది. భోజనం తినేవాళ్లు విడిగా కట్టుకోవాలని రూలు పెట్టాక చందా దాదాపు సగానికి దిగింది. శాలువాల గురించి జరిగిన గొడవ ఇక్కడ రాయను.

ఆడవాళ్ల సంగతి. రోటరీ రూల్సులో 1989 దాకా వాళ్లకి చోటే లేదు, లయన్స్‌లోనూ 1987లోనే తలుపు తెరుచుకుంది. ఇప్పుడు చేర్చుకుంటున్నాం గానీ, జ్యోతి వెలిగించడానికి, ప్రార్థన పాడటానికి, స్టేజి మీద బొకేల పళ్లెం పట్టుకోవడానికి పిలుస్తున్నాం. ట్రెజరర్ పదవి ఇచ్చి చూడండి. మా దగ్గర చిట్టీలు నడిపిన ఒక అక్కకి లెక్కలు అప్పగిస్తే, ఎప్పటి నుంచో వసూలు కాని బకాయిలు రెండు నెలల్లో వచ్చేశాయి.

కొత్తవాళ్లని ఒంటరిగా చేర్చకండి. ముప్పై మంది పాతవాళ్ల మధ్య ఒక్క నర్సు, ఒక్క ఆటో డ్రైవరు అయితే రెండో మీటింగుకి రారు, ఇద్దరు ముగ్గుర్ని కలిపి పిలవండి. చేరిన మొదటి నెలలోనే ఏదో ఒక పని పూర్తిగా వాళ్ల చేతికివ్వండి, దాని బడ్జెట్‌తో సహా. ఇంకో మాట, మినిట్స్ (కిందటి మీటింగులో జరిగినవాటి రికార్డు) ఇంగ్లీషులో చదవడం ఆపేయండి. మనందరం తెలుగువాళ్లమే కదా, ఎవరి కోసం ఆ ఇంగ్లీషు?

చేరి మానేసినవాళ్లకి ఫోన్ చేయడం మర్చిపోవద్దు. వాట్సాప్‌లో మెసేజ్ కాదు, ఫోనే. నేను ఒక ప్లంబర్‌కి చేసి ఎందుకు రావట్లేదని అడిగితే చాలాసేపు పని ఒత్తిడి అన్నాడు, చివరికి నవ్వుతూ, "నేను వచ్చేసరికి టిఫిన్లు అయిపోతున్నాయి సార్, ఖాళీ ప్లేట్ల పక్కన కూర్చోవడానికి ఏదోలా ఉంటోంది" అన్నాడు. ఆ మర్నాటి మీటింగు నుంచి నాలుగు ప్లేట్లు మూతపెట్టి పక్కన ఉంచుతున్నాం. ఇప్పుడు వస్తున్నాడు, ఆలస్యంగానే.