పదిమంది ఎడిటర్లు, డిజైనర్లు కలిసి సొంత సంఘం పెట్టుకోవాలంటే

వీడియో ఎడిటర్లు, పోస్టర్ డిజైనర్లు, సబ్‌టైటిల్స్ రాసేవాళ్లు, వీఎఫ్ఎక్స్ పనివాళ్లలో చాలామందికి పని ఏజెన్సీ ద్వారానే వస్తుంది. ఏజెన్సీ ఎంతకు ఒప్పుకుందో పనిచేసేవాళ్లకు తెలియదు. సొంత సహకార సంఘం పెట్టుకుంటే ఆ ఏజెన్సీ స్థానంలో పనిచేసేవాళ్లే కూర్చోవచ్చు. 1947లో ఫోటో ఏజెన్సీ మాగ్నమ్ ఫోటోస్‌ను ఫోటోగ్రాఫర్లు పెట్టుకున్నది ఇలాగే, తీసిన ఫోటో మీద హక్కు పత్రికకు కాక తమకే ఉండాలని. మన దేశంలో ఇండియన్ కాఫీ హౌస్‌లను 1950ల చివరి నుంచి కార్మికుల సహకార సంఘాలే నడుపుతున్నాయి.

ముందు ఏ చట్టం కింద నమోదు కావాలో తేల్చుకోండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇలాంటి బృందానికి బాగా సరిపోయేది 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, వాడుకలో మ్యాక్స్ చట్టం. వేర్వేరు కుటుంబాలకు చెందిన కనీసం పదిమంది కావాలి. భార్యాభర్తలిద్దరినీ లెక్కలో చూపించి పదిమంది అంటే కుదరదు. 1964 నాటి పాత సహకార చట్టంతో పోలిస్తే ఇందులో ప్రభుత్వ జోక్యం చాలా తక్కువ, ప్రభుత్వ వాటా ధనం ఉండదు. దరఖాస్తు, బైలాలు (సంఘం సొంత నియమావళి) జిల్లా సహకార శాఖ కార్యాలయంలో ఇవ్వాలి. ప్రొడ్యూసర్ కంపెనీ (రైతులు, ఉత్పత్తిదారులు కలిసి పెట్టుకునే కంపెనీ) పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. ఆ నిర్వచనంలోకి చేనేత, హస్తకళలు వస్తాయి కాబట్టి కొండపల్లి బొమ్మల కళాకారులకు అది బాగుంటుంది. ఎడిటింగ్, సబ్‌టైటిల్స్ పని అందులో ఇమడడం కష్టం. పదిమంది లేకపోతే ఇద్దరితోనైనా పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థ, అంటే ఎల్ఎల్‌పీ మొదలుపెట్టవచ్చు. కానీ ఒక్కొక్కరికీ ఒకే ఓటు అన్న నియమాన్ని ఒప్పందంలో మీరే రాసుకోవాలి, చట్టం దానికదే ఇవ్వదు.

నమోదుకు వెళ్లకముందే డబ్బు లెక్క తేలాలి. సంఘాలు విడిపోయేది ఎక్కువగా ఇక్కడే. లక్ష రూపాయల పని ఒకటి తీసుకుందాం. సంఘానికి జీఎస్టీ నమోదు ఉంటే 18 శాతం కలిపి బిల్లు 1,18,000. వృత్తి సేవల ఫీజు కింద క్లయింటు లక్ష మీద 10 శాతం టీడీఎస్ (చెల్లించేవాళ్లే ముందుగా కోసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) కోస్తే బ్యాంకులో పడేది 1,08,000. అందులో 18,000 మీది కాదు, వచ్చిన రోజే వేరే ఖాతాలోకి మార్చండి. మిగిలింది 90,000. ఇక్కడ లక్షను పంచుకుంటే మరుసటి నెల అద్దెకు డబ్బుండదు. మా సూచన: 90,000నే పంచుకోండి. ఆఫీసు ఖర్చులకు, సీఏ ఫీజుకు 7,000. క్లయింటుతో మాట్లాడి, సవరణలు తెచ్చి, వసూలు చేసినవాళ్లకు 8,000. పనిచేసినవాళ్లకు గంటల లెక్కన 75,000. టీడీఎస్‌గా పోయిన 10,000లో రీఫండ్‌గా తిరిగొచ్చేది హామీ నిధికి (క్లయింటు ఆలస్యం చేసినప్పుడు ఆదుకునే నిధి) జమ అని ముందే మినిట్స్ పుస్తకంలో రాసుకోండి. సభ్యులకు చెల్లించేటప్పుడు పరిమితి దాటితే సంఘం కూడా టీడీఎస్ కోసి కట్టాలి.

ఆ 8,000 గురించి ఒక మాట. మాట్లాడే పనికి డబ్బెందుకని చాలా బృందాలు దాన్ని ఎగ్గొడతాయి. ఒకరిద్దరు ఊరికే ఆ బరువు మోస్తారు, ఏడాది తిరిగేసరికి విసిగి వెళ్లిపోతారు, వాళ్లతోపాటు క్లయింట్లూ వెళ్తారు. అది కూడా పనే, దానికి గంటలు రాయాలి.

హామీ నిధి ఎందుకంటే, నెలకు మూడు లక్షల పని చేస్తూ డబ్బు రెండు నెలల తర్వాత వస్తుంటే, ఎప్పుడూ ఆరు లక్షలు బయటే ఉంటాయి. పదిమంది తలా పదివేలు వేసిన వాటా ధనం దానికి చాలదు. బెల్జియంలో కళాకారుల సహకార సంఘం స్మార్ట్, ప్రతి బిల్లు నుంచి కొంత పట్టుకుని, క్లయింటు ఆలస్యం చేసినా సభ్యుడికి డబ్బు ఆగకుండా చూస్తుంది. మీ నిధి పెరిగేదాకా క్లయింటు ఇచ్చాకే చెల్లింపు అని నియమం పెట్టుకోండి. పెరిగాక బిల్లు వేసిన వెంటనే సగం ఇవ్వవచ్చు.

వసూలుకు చేతిలో ఉన్న మంచి ఆయుధం ఉద్యమ్ నమోదు, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు. సహకార సంఘమూ చేసుకోవచ్చు. సూక్ష్మ, చిన్న సంస్థల బాకీని రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో తీర్చాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. ఉద్యమ్ నంబరును ప్రతి బిల్లు మీదా అచ్చు వేయండి. మరో చిక్కు: క్లయింటు ఇవ్వకపోయినా బిల్లు వేసిన నెల జీఎస్టీ మరుసటి నెల 20 కల్లా కట్టాల్సి రావచ్చు. అందుకే ఒప్పందంలోనే దశలు రాయండి: మొదలుపెట్టేటప్పుడు 40 శాతం, రఫ్ కట్ (తొలి కూర్పు) ఆమోదం పొందినప్పుడు 30, ఫైనల్ ఫైల్ ఇచ్చేముందు 30. ఒక్కో దశకు ఒక్కో బిల్లు.

బైలాల్లో ఓటు గురించి ఒక వాక్యం తప్పనిసరి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 80పీ సెక్షన్ సభ్యుల శ్రమను ఉమ్మడిగా అందించే సంఘాలకు పన్ను మినహాయింపు ఇచ్చింది. కానీ ఓటు హక్కు ప్రధానంగా శ్రమ చేసే సభ్యులకే ఉండాలని షరతు పెట్టింది. పెట్టుబడి పెట్టి పని చేయని మిత్రుడికి ఓటిస్తే ఆ మినహాయింపు అడగలేరు. రిటర్న్ గడువు దాటినా పోతుంది. డిజైన్, ఎడిటింగ్ లాంటి పని ఇందులోకి వస్తుందా, ఇప్పటి చట్టంలో ఏ సెక్షన్ వర్తిస్తుందనేది సీఏ నుంచి రాతలో తీసుకోండి.

హక్కుల సంగతి విడిగా చూడాలి. కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగి చేసిన పనికి మొదటి యజమాని సంస్థే. స్వతంత్రంగా చేసినా ఫోటో, పెయింటింగ్, సినిమా అయితే, వేరే ఒప్పందం లేనప్పుడు, డబ్బిచ్చి చేయించుకున్నవాళ్లదే. సబ్‌టైటిల్స్ లాంటి రచనకు రాసినవాళ్లే యజమాని. హక్కు బదిలీ రాతలో ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం మాత్రమే. కాబట్టి సభ్యుడు సంఘానికి ఆ పని మేరకే లైసెన్సు ఇస్తాడని, డబ్బు పూర్తిగా అందాకే సంఘం నుంచి క్లయింటుకు హక్కు వెళ్తుందని రాయండి.

పని పెరిగితే బయటివాళ్లను పిలుస్తారు. వాళ్ల గంటలు మొత్తంలో 20 శాతం దాటకుండా చూడండి. ఏడాది పనిచేసినవాళ్లను సభ్యత్వానికి పిలవాలని బైలాల్లో పెట్టండి. వాటా ధనం నెలకు వెయ్యి చొప్పున పది నెలల్లో కట్టనివ్వండి. ఈ ద్వారం మూసేస్తే, పదిమంది యజమానులకు ముప్ఫైమంది పనిచేసే మరో ఏజెన్సీ తయారవుతుంది.

వెళ్లిపోయేవాళ్ల లెక్క కూడా మొదట్లోనే రాయాలి. వాటా ధనం ఆరు నెలల్లో వాయిదాల మీద తిరిగివ్వడం, పెండింగు బిల్లుల్లో వాళ్ల గంటల డబ్బు వచ్చినప్పుడు పంపడం, చేసిన పనిని సొంత పోర్ట్‌ఫోలియోలో పేరుతో చూపించుకునే హక్కు. వెళ్లాక రెండేళ్లు ఇదే వృత్తి చేయకూడదన్న షరతు మాత్రం పెట్టకండి. 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ దాన్ని చెల్లనివ్వదు.