తిరుపతి ఎండలో సిర్టోస్పెర్మా జాన్‌స్టనీ పెంపకం

సిర్టోస్పెర్మా జాన్‌స్టనీ మన చేమ, కంద మొక్కల కుటుంబానికి చెందినదే. పసిఫిక్ మహాసముద్రంలోని సాలమన్ దీవులు, వాటిని ఆనుకొని ఉన్న బోగన్‌విల్ దీవి దీని పుట్టిల్లు. బాణం మొనలాంటి ఆకులు, లేత వయసులో వాటిపై ఎర్రగా కనిపించే ఈనెలు, ముళ్ళతో నిండిన మచ్చల కాడలు దీని అందం. మొక్క ముదిరేకొద్దీ ఆ ఎరుపు వెలిసిపోవడం సహజం కనుక దానిని జబ్బుగా భావించి మందులు వేయనక్కరలేదు. కొనేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త అవసరం. మన దేశంలోనే చిత్తడి నేలల్లో పెరిగే లాసియా స్పైనోసాకు కూడా ముళ్ళ కాడలు, లేత ప్రాయంలో బాణం ఆకులు ఉంటాయి. అయితే ఎదిగిన లాసియా ఆకు లోతుగా చీలిపోతుంది, సిర్టోస్పెర్మా ఆకు చీలదు. వీలైతే ఎదిగిన ఆకు ఉన్న మొక్కనే ఎంచుకోవాలి.

బురదనేలల మొక్క అనగానే కుండీని కంఠందాకా నీళ్ళలో ముంచాలని తోస్తుంది. నేను మొదటి మొక్కను అలాగే ఏప్రిల్ నెలలో మిద్దెమీద టబ్బులో దించి, పది రోజులు తిరక్కుండానే దుంప మెత్తబడి కంపు కొట్టడం చూశాను. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గిపోతుంది. మే నెలలో నలభై డిగ్రీలు దాటే మన ఎండలో కదలని నీరు మధ్యాహ్నానికి కాగుతుంది, వేళ్ళకు ఊపిరాడదు, కుళ్ళు మొదలవుతుంది. అందుచేత ఇక్కడ ఈ మొక్కకు కావలసింది ఎక్కువ నీరు కాదు, చల్లగా ఉండి తరచూ మారే నీరు. అడుగున రంధ్రాలున్న కుండీని వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో పెట్టి, రెండు అంగుళాల ఎత్తున మాత్రమే నీరు నింపి, వేసవిలో రెండు మూడు రోజులకొకసారి పూర్తిగా పారబోసి మార్చాలి. దీనివల్ల దోమల బెడద కూడా తీరుతుంది. కొత్త సిమెంటు తొట్టె సున్నాన్ని నీటిలోకి వదులుతుంది కనుక దానిని వాడకపోవడం మేలు.

నీటి గుణం కూడా ముఖ్యమే. బోరు నీటిలోని లవణాలు మట్టిపై తెల్లని పొరగా పేరుకొని, ఆకు అంచులను మాడుస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు ఇచ్చే వాన నీటిని డ్రమ్ముల్లో పట్టి, మూతపెట్టి ఉంచుకుంటే కొన్ని నెలలకు సరిపోతుంది. ఆర్వో యంత్రం బయటికి వదిలే నీటిని మొక్కలకు పోయడం మన ఇళ్ళలో అలవాటే కానీ, అందులో లవణాలు మరింత చిక్కబడి ఉంటాయి కనుక ఈ మొక్కకు దానిని పోయరాదు.

ఉత్త ఎర్రమట్టి తడిలో గట్టిగా బిగుసుకుంటుంది. రెండు పాళ్ళు కొబ్బరి పొట్టు, ఒక పాలు ముతక ఇసుక లేదా ఇటుక ముక్కలు, ఒక పాలు బాగా చివికిన వానపాముల ఎరువు కలిపితే సరిపోతుంది. పచ్చిపేడ వేయకూడదు. ద్రవ ఎరువును సీసాపై చెప్పిన మోతాదులో నాలుగో వంతుకు పలుచన చేసి, నెలకొకసారి కుండీలోని మట్టికే పోయాలి. టబ్బు నీటిలో కలిపితే పాచి పట్టడం తప్ప ఫలితం ఉండదు.

ఉదయపు ఎండ కాసేపు తగిలే తూర్పు వరండా దీనికి అనువైన చోటు. మిద్దె తప్ప వేరే దారి లేనివారు షేడ్ నెట్ కట్టి, వేడిగాలి నేరుగా కొట్టకుండా పడమటి వైపు ఇతర కుండీలను అడ్డుపెట్టాలి. గాలి పొడిగా ఉన్నప్పుడు ఆకుల అడుగున ఎర్రనల్లి చేరుతుంది. రోజూ ఆ వైపు నీటితో కడిగితే చాలావరకు అదుపులో ఉంటుంది. అప్పటికీ తగ్గకపోతే లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయాలి. చలికాలంలో తిరుపతిలో పెద్ద ఇబ్బంది ఉండదు. మదనపల్లె వైపు వారు మాత్రం రాత్రిళ్ళు కుండీని ఇంట్లోకి తెచ్చి, టబ్బు నీటిని తగ్గించడం మంచిది.

మొక్క మొదలు దగ్గర పుట్టే పిలకలకు సొంత వేళ్ళు, కనీసం మూడు ఆకులు వచ్చాక, ఎండలు తగ్గిన తరువాత పదునైన కత్తితో వేరు చేయవచ్చు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత ఉన్నా, ఇక్కడ దురద కోసేవారి చేతులకే. రసంలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి, కాడలకు ముళ్ళు ఎలాగూ ఉన్నాయి. చేతికి మందపాటి తొడుగులు వేసుకోవాలి, పిల్లలను, పెంపుడు జంతువులను దూరంగా ఉంచాలి. కోసిన పిలకను ఒక పూట నీడలో ఆరనిచ్చి నాటి, కొత్త ఆకు విచ్చుకునేదాకా టబ్బులో దించకుండా మట్టిని తడిగా మాత్రమే ఉంచాలి.