విశాఖలో ఉంటూ దూరపు సంస్థకు పనిచేసేవారికి: కరెంటు, నెట్టు, కూర్చునే చోటు, తోటి మనుషులు

ఆఫీసుకు వెళ్లి పనిచేసిన రోజుల్లో కుర్చీ, కరెంటు, ఇంటర్నెట్, పక్క బల్ల దగ్గర మాట కలిపే మనిషి అన్నీ అడగకుండానే అమరి ఉండేవి. హైదరాబాదు, బెంగళూరు లేదా అమెరికా సంస్థకు విశాఖపట్నంలోని సొంత ఇంట్లో కూర్చుని పనిచేయడం మొదలుపెట్టాక వాటిలో ఒక్కొక్కదాన్నీ మనమే వెతుక్కోవాలి. చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, మొదటి నెలలోనే ఒక కో-వర్కింగ్ కేంద్రానికి, అంటే కుర్చీ, బల్ల రోజు లేదా నెల లెక్కన అద్దెకిచ్చే చోటుకు, మూడు నెలల డబ్బు కట్టేసి, రెండో నెల నుంచి ఇంట్లోనే కూర్చోవడం. నేనూ ఆ పని చేసినవాణ్ణే కనుక ఈ వ్యాసంలో క్రమాన్ని తిరగేసి చెబుతున్నాను: ముందు ఇంటి ఏర్పాటు, తరువాత నడిచి వెళ్లగలిగిన దూరంలో ఒక కుర్చీ, ఆ తరువాత మీ పేటలోనే ఉన్న తోటి ఉద్యోగులు.

పేట అని ఊరికే అనలేదు. ఒకవైపు సముద్రం, మరొకవైపు కొండలు ఉండటం వల్ల విశాఖ జాతీయ రహదారి వెంట పొడవుగా సాగిన నగరం. గాజువాక నుంచి మధురవాడకు పాతిక కిలోమీటర్లకు పైగా ఉంటుంది, మధ్యలో ఎన్‌ఏడీ కూడలి, మద్దిలపాలెం దాటాలి. కనుక నగరమంతటికీ కలిపి ఒక బృందం పెట్టుకుంటే అది ఫోనులో సందడిగా ఉంటుందే తప్ప మనుషులు ఎదురుపడరు. గాజువాక వారికి గాజువాకలో, ఎంవీపీ కాలనీ వారికి ఎంవీపీలో, పీఎం పాలెం, మధురవాడ వారికి అక్కడే ఏర్పాట్లు ఉండాలన్నది ఈ వ్యాసంలోని ప్రతి సలహాకూ మూలం.

ముందుగా కరెంటు, నెట్టు

ఇన్వర్టరు కొనేముందు ఒక చిన్న లెక్క వేసుకోండి. ల్యాప్‌టాప్‌కు 60 వాట్లు, రౌటరుకు 15, మామూలు సీలింగ్ ఫ్యానుకు 75 అనుకుంటే మొత్తం 150 వాట్లు. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్‌అవర్లు ఉన్నా, ఇన్వర్టరులో పోయేది, బ్యాటరీ పాడవకుండా మిగిల్చి ఉంచవలసినది తీసేస్తే వాడుకోగలిగింది 1100 దాకా ఉంటుంది. అంటే కొత్త బ్యాటరీతో సుమారు ఏడు గంటలు. తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ రకం ఫ్యాను పెట్టుకుంటే 75 వాట్ల చోట 30 వాట్లతో సరిపోతుంది కాబట్టి అదే బ్యాటరీ మరో మూడు గంటలు లాగుతుంది. పెద్ద బ్యాటరీ కొనడంకన్నా ఫ్యాను మార్చడమే చవక. అద్దె ఇల్లు కనుక ఇన్వర్టరు పెట్టలేమనుకునేవారు కనీసం రౌటరుకు చిన్న యూపీఎస్ ఒకటి తగిలించుకోవాలి. ల్యాప్‌టాప్‌కు సొంత బ్యాటరీ ఎలాగూ ఉంటుంది. కరెంటు పోయిన క్షణంలో మనల్ని మీటింగులోంచి బయటకు తోసేది సాధారణంగా రౌటరే.

అపార్ట్‌మెంటులో జనరేటరు ఉందన్న మాటను అలాగే నమ్మకండి. చాలా భవనాల్లో అది లిఫ్టుకు, మెట్ల దీపాలకు, ఒక్కో ఫ్లాటులో ఒకటి రెండు పాయింట్లకు మాత్రమే పనిచేస్తుంది. మీ పని గదిలో ఏ ప్లగ్గుకు ఆ సరఫరా వస్తుందో ఎలక్ట్రీషియనుతో తేల్చుకుని, దానిమీద ఒక గుర్తు అతికించండి. కరెంటు పోయినప్పుడు తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థకు 1912 నంబరులో ఫిర్యాదు చేయవచ్చు. ఫోను చేసేముందు బిల్లు మీది సర్వీసు నంబరు దగ్గర పెట్టుకుంటే పని త్వరగా అవుతుంది.

ఇంటర్నెట్ విషయంలో రెండు లైన్లు ఉండాలన్న సలహా అందరూ ఇస్తారు. ఆ రెండూ ఒకే స్తంభం మీదుగా వస్తే అవి రెండు లైన్లు కావు, ఒకే లైను. లారీ తగిలి ఆ స్తంభం వంగితే రెండూ పోతాయి. కొత్త కనెక్షన్ తీసుకునేముందు లైను వేయడానికి వచ్చిన కుర్రవాణ్ణే, తీగ ఏ వీధి నుంచి వస్తుందో, పెట్టె ఎక్కడ ఉందో అడగండి. సంస్థ కాల్ సెంటరు కన్నా అతనికే ఎక్కువ తెలుసు. రాష్ట్ర ప్రభుత్వ ఇంటర్నెట్ సంస్థ ఏపీ ఫైబర్‌నెట్ తీగ చాలావరకు విద్యుత్ స్తంభాల మీదుగానే సాగుతుంది కనుక, దానికి తోడుగా తీసుకునే రెండో ఆధారం మొబైల్ నెట్‌వర్కు కావడం మేలు. ఆ సిమ్ కూడా మీ గదిలో సిగ్నల్ పరీక్షించి తీసుకోవాలి, ఎందుకంటే కొండ మరుగున ఉన్న ఇళ్లలో వీధికి ఆ చివర బాగా అందే నెట్‌వర్కు ఈ చివర అందదు. వేగం కొలిచేటప్పుడు డౌన్‌లోడ్ అంకె చూసి మురిసిపోకుండా, సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది మధ్య మూడు రోజులపాటు అప్‌లోడ్ వేగాన్ని కొలిచి రాసుకోండి. ఒక వీడియో కాల్‌కు అయిదు ఎంబీపీఎస్ అప్‌లోడ్ నిలకడగా ఉంటే చాలు. హాట్‌స్పాట్ మీద పడినప్పుడు మాత్రం కెమెరా కట్టేయండి. వీడియోకు గంటకు ఒక జీబీ దాకా ఖర్చవుతుంది, మాటకు అందులో పదో వంతు కూడా అక్కరలేదు.

కూర్చోవడానికి ఒక చోటు

డబ్బు కట్టే చోటుకన్నా ముందు కట్టనక్కరలేని చోటు చూడండి. మనం కట్టే ఆస్తిపన్నులో గ్రంథాలయ పన్ను కూడా కలిసి ఉంటుంది. రూపాయికి ఎనిమిది పైసల చొప్పున ఏళ్లుగా చెల్లిస్తూనే ఉన్నా, ఆ డబ్బుతో నడిచే గ్రంథాలయం గడప తొక్కనివారే ఎక్కువ. ద్వారకానగర్‌లోని విశాఖ పౌర గ్రంథాలయం ఆర్టీసీ కాంప్లెక్సుకు దగ్గర, సాహిత్య సభలకు కూడా అదే నెలవు. ఇటువంటి చోట రాత పని, కోడు రాయడం, చదవవలసిన పత్రాలు చదవడం హాయిగా సాగుతాయి. ఫోనులో మాట్లాడటం మాత్రం కుదరదు, కుదరకూడదు కూడా. పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలతో హాళ్లు నిండిపోయే చోట్ల, కాల్స్ లేని రెండు మూడు గంటల పనిని ఉదయం తెరవగానే చూసుకుని లేచిపోవడమే మర్యాద. ప్లగ్గు వాడుకోవడానికి, ల్యాప్‌టాప్ తెచ్చుకోవడానికి ముందుగా గ్రంథాలయాధికారిని అడగండి.

కో-వర్కింగ్ కేంద్రాలు సిరిపురం, ద్వారకానగర్, ఎంవీపీ కాలనీ, రుషికొండ, మధురవాడ వైపు ఉన్నాయి. ఫొటోలు చూసి నిర్ణయించుకోకుండా ఒక్కరోజు పాసు తీసుకుని పూర్తి పనిదినం అక్కడ గడపండి. మధ్యాహ్నం మూడు గంటలకు ఏసీ ఎలా ఉంటుందో, కరెంటు పోతే జనరేటరు మీద ఏసీ కూడా నడుస్తుందా లేక ప్లగ్గులు మాత్రమేనా, కాల్స్ మాట్లాడుకునే చిన్న గదులు ఎన్ని, వాటికోసం ఎంతసేపు వేచి ఉండాలి, రాత్రి ఎన్నింటికి తాళం వేస్తారు, డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు, జీఎస్టీ బిల్లు ఇస్తారా అన్నవి అడిగి తెలుసుకోండి. డిపాజిట్ సంగతి కాగితం మీద ఉండాలి. నా డిపాజిట్ నోటిమాట మీద ఇచ్చింది కనుక సగమే తిరిగి వచ్చింది. నెల పాసు ధరను రోజు పాసు ధరతో భాగిస్తే వచ్చే అంకెకన్నా తక్కువ రోజులు వెళ్లేవారికి నెల పాసు దండగ.

మీరు ఎక్కడ కూర్చున్నా ముందు మీ సంస్థ నియమాలు చదవండి. కొన్ని సంస్థలు ఇంటి చిరునామా తప్ప మరోచోటు నుంచి పనిచేయడానికి ఒప్పుకోవు. బ్యాంకు, ఆసుపత్రి సమాచారం చూసే ఉద్యోగులు కాఫీ హోటలులో తెర తెరవడం ఎంతమాత్రం తగదు.

తోటి మనుషులను వెతుక్కోవడం

ఇంట్లో కూర్చుని పనిచేసేవాడు ఖాళీగానే ఉన్నాడన్న అభిప్రాయం మన ఇళ్లలో ఇంకా పోలేదు. గ్యాస్ సిలిండరు తీసుకోవడం నుంచి మేనత్తగారిని రైల్వే స్టేషనులో దించడం దాకా అన్నీ మన పనులే అవుతాయి. ఆ బాధ చెప్పుకోవడానికైనా అదే స్థితిలో ఉన్న మరొక మనిషి కావాలి. అటువంటివారు మీ అపార్ట్‌మెంటులోనే ఉంటారు. పగటిపూట లిఫ్టులో హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుని కర్రీ పాయింటు నుంచి కూర పొట్లాలతో వచ్చేవారిని పలకరించి చూడండి. నివాసుల సంఘం వాట్సాప్ గ్రూపులో, "ఈ భవనంలో ఇంటి నుంచి పనిచేసేవారు ఎవరైనా ఉంటే శనివారం ఉదయం కింద కలుద్దాం" అని ఒక్క వాక్యం పెడితే నలుగురైనా వస్తారు. మొదలుకు నలుగురు చాలు.

బృందం పన్నెండుమందికి మించకుండా ఉంటే ఒకరికొకరు నిజంగా తెలుస్తారు. పేరు, ఫ్లాటు, పని వేళలు, ఏ నెట్‌వర్కు వాడుతున్నారు, ఇన్వర్టరు ఉందా అన్న వివరాలతో ఒక చిన్న పట్టిక తయారు చేసుకోండి. ఎవరికైనా నెట్టు పోయి ముఖ్యమైన సమావేశం ఉంటే, మరో నెట్‌వర్కు ఉన్న పక్కింటి గదిలో గంటసేపు కూర్చోగలగడమే ఈ పట్టిక ఫలితం. గ్రూపులో సంస్థల లోపలి సంగతులు, జీతాల వివరాలు, రాజకీయాలు, ఫార్వర్డులు వద్దని మొదటిరోజే చెప్పుకోవాలి.

కలుసుకునే వేళ నిర్ణయించడమే అన్నిటికన్నా చిక్కు, ఎందుకంటే మన గడియారాలు మన చేతుల్లో లేవు. న్యూయార్కులో ఉదయం తొమ్మిది మనకు వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. మార్చి రెండో ఆదివారం ఒకసారి, నవంబరు మొదటి ఆదివారం మరొకసారి ఇది మారుతుంది. లండన్‌లో ఉదయం తొమ్మిది మనకు మధ్యాహ్నం ఒకటిన్నర లేదా రెండున్నర. కాబట్టి పగలు పదకొండు నుంచి పన్నెండున్నర మధ్య వేళ అమెరికా, లండన్ పనివారు ఇద్దరికీ కుదురుతుంది. రాత్రి పనివారు పొద్దుటే నిద్రపోకముందు కలవాలనుకుంటే, తెల్లవారుజామున వాహనాలను ఆపి నడకకు వదిలే బీచ్ రోడ్డు కన్నా మంచి చోటు లేదు. రాత్రి కో-వర్కింగ్ కేంద్రం నుంచి తిరిగివచ్చే మహిళలు ఒకే దారిలో వెళ్లేవారితో కలిసి బయలుదేరే ఏర్పాటు కూడా ఈ బృందం ద్వారానే చేసుకోవచ్చు, అత్యవసరమైతే 112.

బృందం వల్ల మరొక ప్రయోజనం, ఉద్యోగ ప్రకటనలను నలుగురి కళ్లతో చూడగలగడం. డేటా ఎంట్రీ ఉద్యోగాలంటూ మన కుర్రవాళ్లను కంబోడియాకు పంపి, అక్కడ సైబర్ మోసాలు చేయించిన ముఠాల సంగతిని 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. ఇంటి నుంచే పని అంటూ ముందుగా రిజిస్ట్రేషన్ డబ్బు అడిగేవారు, మీ బ్యాంకు ఖాతాను వాడుకుంటామనేవారు, మాటలన్నీ టెలిగ్రాంలోనే నడిపేవారు కనబడితే గ్రూపులో పెట్టి అడగండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోను చేయాలి. మొదటి గంటల్లో చెబితే సొమ్మును ఖాతాలోనే ఆపగలిగే అవకాశం ఎక్కువ.

జీతం కాకుండా విదేశీ సంస్థ నుంచి ఫీజు రూపంలో డబ్బు అందుకునేవారు పేటలోనే ఒక ఆడిటరును కుదుర్చుకోవడం మంచిది. నలుగురు కలిసి వెళితే ఒకే మాట నాలుగుసార్లు చెప్పించుకోనక్కరలేదు. సేవలకు ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు అవసరమవుతుందని, పన్ను పదివేలు దాటేవారు ముందస్తు పన్ను కట్టాలని, విదేశం నుంచి వచ్చిన ప్రతి మొత్తానికీ బ్యాంకు ఇచ్చే ధ్రువపత్రాన్ని దాచుకోవాలని గుర్తుంటే, మిగిలినది ఆయన చూసుకుంటారు.

తుఫాను రోజులు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గరే తీరం దాటింది. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. ఆ తరువాత ప్రపంచ బ్యాంకు సహాయంతో నగరంలోని కొన్ని ప్రాంతాల్లో విద్యుత్ తీగలను భూమి లోపలికి మార్చారు. మీ వీధి అందులో ఉందో లేదో కిటికీలోంచి తల ఎత్తి చూస్తే తెలిసిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాతావరణ శాఖ హెచ్చరికలు గమనిస్తూ, తుఫాను విశాఖ వైపు వస్తోందని తెలిసిన రోజే మేనేజరుకు రాతపూర్వకంగా చెప్పి, ముఖ్యమైన పనిని వేరే ఊళ్లోని సహోద్యోగికి అప్పగించండి. గాలి మొదలయ్యాక పంపే సందేశం సాకులా వినిపిస్తుంది. పవర్‌బ్యాంకులు, ఇన్వర్టరు ముందురోజే నింపుకోవాలి, ఏటీఎంలు పనిచేయవు కనుక కొంత నగదు ఉంచుకోవాలి. ఎవరి ఇంట్లో వృద్ధులు ఉన్నారో, ఎవరు హైదరాబాదుకో రాజమండ్రికో ముందే వెళ్లిపోతున్నారో, ఎవరి తాళంచెవి ఎవరి దగ్గర ఉందో బృందంలో తేల్చుకోండి. ఆ వివరాలన్నీ ఫోనులో కాకుండా కాగితం మీద రాసి, తలుపు వెనక అంటించుకోండి.