నారాయణ పక్షిని గమనించడం ఎలా: చూపంతా మెడ మీదే ఉంచండి

నీటి అంచున అరగంటసేపు కదలకుండా నిలబడే నారాయణ పక్షి (గ్రే హెరాన్ అనే బూడిదరంగు కొంగ) లాంటివాటిని చూసే మనవాళ్లు కొంగజపం అన్నారు. ఆ మాట దానికి అన్యాయం చేస్తుంది. ఆ అరగంటా అది చేసేది పనే, చాలా కష్టమైన పని. అది మనకు కనబడాలంటే పొడుగుకాళ్ల మీద నుంచి చూపు మళ్లించి మెడ మీద నిలపాలి.

ముందు మీరు చూస్తున్నది నారాయణ పక్షేనా అన్నది తేల్చుకోండి. నిలబడితే ఎత్తు దాదాపు మీటరు. రెక్కలు చాస్తే ఒకటిన్నర మీటర్లు దాటుతాయి, బరువు మాత్రం ఒకటి నుంచి రెండు కిలోలే. వీపు బూడిదరంగు, తల తెలుపు. కంటి మీదుగా వెనక్కి సాగే నల్ల పట్టీ చివర సన్నని ఈకలై వేలాడుతుంది. మెడ ముందువైపు నల్లచుక్కల గీతలుంటాయి. నెత్తి కూడా బూడిదగా ఉండి, వేలాడే ఈకలు లేకపోతే అది ఇంకా పిల్లే. మెడ ఇటుకరంగులో ఉంటే అది వేరే జాతి. ఆ పక్షి దట్టమైన తుంగలోనే ఎక్కువగా తిరుగుతుంది. గాలిలో ఉన్నప్పుడు గుర్తుపట్టడం ఇంకా తేలిక. నారాయణ పక్షి మెడను భుజాల మధ్యకు ముడుచుకుని, కాళ్లు వెనక్కి చాచి, నెమ్మదిగా రెక్కలాడిస్తుంది. ఎర్రకాళ్ల కొంగ, నత్తగుల్ల కొంగ, సారస కొంగ మెడ చాచుకునే ఎగురుతాయి.

చూడటానికి మంచి వేళ సూర్యోదయం తర్వాతి రెండు గంటలు, లేదా సాయంత్రం పొద్దువాలే ముందు. సూర్యుడు మీ వీపు వెనుక ఉండేలా చోటు ఎంచుకోండి. ఎదురెండలో నీళ్లు మెరిసి, పక్షి నల్లటి నీడలా తప్ప కనబడదు. 8×42 (ఎనిమిది రెట్లు పెంచి చూపే, 42 మి.మీ. కటకాల) బైనాక్యులర్ సరిపోతుంది. దూరం కనీసం 80 మీటర్లు పెట్టుకోండి. మనుషుల అలికిడి లేని చోట ఇంకా ఎక్కువ. పక్షి ఉన్నాక మీరు వెళ్లడం కన్నా, అది రాకముందే వెళ్లి కూర్చోవడం మేలు. తప్పనిసరైతే తిన్నగా దాని వైపు నడవకండి. పక్కకు పోతున్నట్టు ఏటవాలుగా నడిచి, పొద వెనకో గట్టు వాలులోనో కూర్చోండి. గట్టు మీద నిలుచుంటే ఆకాశం ముందు మీ ఆకారం స్పష్టంగా కనబడిపోతుంది. చాలామంది పక్షిని పోగొట్టుకునేది ఇక్కడే. ఆపి ఉంచిన కారులో కూర్చుని చూస్తే అది అంతగా బెదరదు. తలుపు తీసిన క్షణం లేచిపోతుంది.

ఇక మెడ సంగతి. మెడ భుజాల్లో కూరుకుపోయి, ఒంటికాలి మీద ఉంటే విశ్రాంతి. మెడ కర్రలా నిటారుగా లేచి, తల అటూ ఇటూ తిరుగుతుంటే అనుమానం. అలా కనబడగానే మీరు కదలడం ఆపేయండి. ఇంకో నాలుగడుగులు వేశారంటే బొంగురుగా అరిచి ఎగిరిపోతుంది. అది మళ్లీ మెడ దించేదాకా ఆగితే చాలాసార్లు అక్కడే ఉండిపోతుంది. ఒళ్లు ముందుకు వంచి, మెడను కొక్కెంలా ముడిచి, ముక్కు నీటి వైపు వాల్చి బిగుసుకుందంటే వేట మొదలైంది. ఆ కొక్కేనికి కారణం మెడలోని ఆరో వెన్నుపూస. మిగతావాటికి భిన్నంగా అమరి ఉండి, ముడిచిన మెడ ఒక్కసారిగా విడివడేలా చేస్తుంది. పోటు (ముక్కుతో ఒక్కసారిగా పొడవడం) పడే ముందు మెడ ఇంకాస్త వెనక్కి, కాళ్లు ఇంకాస్త వంగి కనబడతాయి. అప్పుడు రెప్ప వేస్తే చూడాల్సింది తప్పిపోతుంది.

వేటలో రెండు పద్ధతులున్నాయి. ఒకటి నిలబడి కాచుకోవడం, రెండోది ఒక్కో అడుగూ నీరు చెదరకుండా ఎత్తి పెడుతూ నడవడం. నీటి లోతు ఎంతో దాని కాలే చెబుతుంది. కాలు మధ్యలో కనబడే కీలు మోకాలు కాదు, మడమ. అసలు మోకాలు పైన ఈకల్లో దాగి ఉంటుంది. వేళ్ల నుంచి ఆ మడమ కీలు దాకా సుమారు 15 సెం.మీ. కీలు తడుస్తుంటే నీరు సుమారు అంతే లోతు ఉందన్నమాట. ముక్కు మరో కొలబద్ద: సుమారు 12 సెం.మీ. పట్టిన చేపను ముక్కుతో పోల్చి చూడండి. ముక్కుకు రెండింతలుంటే 24 సెం.మీ. చేప, మింగడానికి దానికి చాలాసేపే పడుతుంది.

చేపను దాదాపు ఎప్పుడూ తల ముందుగా మింగుతుంది. తోకవైపు నుంచైతే రెక్కల ముళ్లు, పొలుసులు గొంతులో ఎదురు తగులుతాయి. అందుకే పట్టిన చేపను ముక్కులోనే తిప్పుకుంటుంది. ఈ తిప్పడంలో జారవిడవడం మామూలే. మింగాక గొంతులో ఉబ్బు కిందికి దిగుతూ కనబడుతుంది, తర్వాత సాధారణంగా నీళ్లు తాగుతుంది. చేపలే కాదు, కప్పలు, ఎలుకలు, పాములు, పురుగులు కూడా తింటుంది. కాబట్టి బీడు పొలంలో నిలబడి కనబడితే దారి తప్పిందనుకోవద్దు.

చూసినవి నోటుపుస్తకంలో రాసుకునేటప్పుడు ‘కొంగ చేప పట్టింది’ అని వదిలేస్తే తర్వాత దేనికీ పనికిరాదు. ఇలా రాయండి: ‘6.40, నిలుచున్న వేట, నీరు కీలుకు కాస్త కింద. 6.52 పోటు, తప్పింది. 6.58 పోటు, చేప, ముక్కు పొడవులో సగం.’ గంటకు పోట్లు ఎన్ని, దొరికినవి ఎన్ని అన్నది విడివిడిగా లెక్కించాలి. గాలి ఎలా ఉందో కూడా చేర్చండి. అలలు లేచిన నీటిలో లోపలి చేప సరిగా ఆనదు. అలాంటి రోజు లెక్కను నిశ్చలమైన రోజు లెక్కతో కలిపితే పక్షికి వేట రాదన్న తప్పు అభిప్రాయానికి వస్తారు.

తిన్నాక కూడా పుస్తకం మూయకండి. చేప జిగురు అంటిన ఈకలను శుభ్రం చేసుకోవడం చూడదగ్గది. రొమ్ము దగ్గర పిండిలా పొడి రాల్చే ప్రత్యేకమైన ఈకలుంటాయి. ఆ పొడిని ఈకలకు పులుముకుని, జిగురు పీల్చుకున్నాక మధ్యవేలి గోరుతో గోక్కుంటుంది. ఆ గోరుకు ఒక అంచున దువ్వెన పళ్లలాంటి నొక్కులుంటాయి. రెక్కలు సగం విప్పి కిందికి వేలాడదీసి ఎండకు ఎదురుగా నిలబడితే దెబ్బ తగిలిందని కంగారుపడొద్దు, అది ఎండ కాగుతోంది.

గూళ్ల దగ్గర పద్ధతి పూర్తిగా వేరు, అక్కడ నిగ్రహమే ముఖ్యం. ఎత్తయిన చెట్ల మీద గుంపులుగా కడతాయి. మగది పుల్లలు తెస్తే ఆడది అమరుస్తుంది. దక్షిణ భారతంలో ఇది ఎక్కువగా నవంబరు నుంచి మార్చి దాకా సాగుతుంది. ఆ రోజుల్లో పసుపు ముక్కు నారింజ రంగుకు తిరుగుతుంది. సాధారణంగా మూడు నుంచి ఐదు లేత నీలిఆకుపచ్చ గుడ్లు. ఇద్దరూ వంతులవారీగా సుమారు 25 రోజులు పొదుగుతారు. మొదటి గుడ్డు నుంచే పొదగడం మొదలవుతుంది గనుక పిల్లలు ఒకేరోజు బయటికి రావు. ఆలస్యంగా పుట్టినది చిన్నదిగా ఉండి, తిండి తక్కువైన ఏడాది తరచూ బతకదు. దాన్ని కాపాడాలని చెట్టెక్కితే మిగతావాటికీ ముప్పే. పెద్దవి ఎగిరిపోతే కాకులు గుడ్లెత్తుకుపోతాయి, లేతపిల్లలకు ఎండదెబ్బ తగులుతుంది. బెదిరిన పిల్లలు తిన్న చేపను కక్కేస్తాయి, ఆ పూట తిండి పోయినట్టే. డ్రోన్ అసలే వద్దు.

దూరం నుంచే గూళ్లు లెక్కపెట్టి, ఒకే చోటు నుంచి వారానికోసారి చూస్తే చాలు. పిల్లలకు సుమారు 50 రోజులకు ఎగరడం వస్తుంది, ఆ తర్వాత కూడా కొన్నాళ్లు తిండికోసం గూటికి వస్తుంటాయి. ఆ బూడిదనెత్తి పిల్లలు నీటి అంచుకు దిగిన మొదటి వారాల్లో వాటి పోట్లను పెద్దవాటి పోట్లతో పోల్చి రాసుకోండి. తేలే ఆకు మీద, పుల్ల మీద పొడిచిన పోట్లను కూడా వదలకుండా లెక్కలో వేయండి.