అమ్మ మోకాళ్ల నొప్పులు ఎలా తగ్గాయంటే

అమలాపురం దగ్గర మా ఊళ్లో మోకాలి నొప్పంటే చాలు, "అరిగిపోయింది, కదపకు" అంటారు. ఫిజియోథెరపిస్టు గారు అమ్మకి వేరేలా చెప్పారు: కీలులో ఎముకల చివర్లని కప్పి ఉండే నున్నటి పొరకి, అంటే మృదులాస్థికి, రక్తనాళాలుండవు, కీలు కదిలితేనే లోపలి ద్రవం నుంచి పోషణ అందుతుంది. ఆ మాటతోనే సగం భయం పోయింది. వీధి అరుగు మీద కాళ్లు చాపుకుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, తొడ కండ బిగిసేదాకా కిందికి అదిమి, 5 లెక్కపెట్టి వదిలేది. తర్వాత చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, సాయంత్రం కాలవ గట్టు మీద నడక. చేస్తున్నప్పుడు కాస్త నొప్పొచ్చినా పర్వాలేదు, మర్నాటికి సర్దుకోవాలి, సర్దుకోకపోతే తగ్గించేవాళ్లం. లావుగా ఉన్నవాళ్లు కిలో తగ్గితే అడుగడుక్కీ మోకాలి మీద సుమారు 4 కిలోల భారం తగ్గుతుంది, అందుకే రాత్రి అన్నం తగ్గించింది. ఇప్పుడు గోడ పట్టుకోకుండా రేవు మెట్లు దిగుతోంది. వ్యాయామం మాత్రం మాననివ్వను, మానితే తొడలో బలం పోతుంది.